రెండవ దారి నిజంగా రెండవదేనా?

సింగపూరు వాయవ్య దిక్కున ఉన్న బుకిట్ పంజాంగ్ పేరుకు మలయ భాషలో పొడవైన కొండ అని అర్థం. మన పూర్వులైతే నిడుగొండ అని పిలిచేవారేమో! 2013 అక్టోబరు 9వ తేదీ మధ్యాహ్నం అక్కడి సింగ్‌టెల్ సంస్థవారి ఎక్స్ఛేంజి భవనంలో అగ్నిప్రమాదం సంభవించింది. వెలుపలి కేబుళ్ళు భవనంలోకి ప్రవేశించే గదిలో మరమ్మతు పని జరుగుతుండగా, అనుమతి లేకుండా బ్లోటార్చి వాడటమే దీనికి మూలమని అనంతరం విచారణలో తేలింది. 149 దృశాతంతు కేబుళ్ళు దెబ్బతిన్నాయి. సుమారు 2,70,000 మంది చందాదారుల సేవలకు అంతరాయం కలిగింది. ఇండ్లలో ఇంటర్నెట్టు నిలిచిపోయింది. కొన్ని బ్యాంకుల శాఖలు, నగదు యంత్రాలు పనిచేయలేదు. 2014 మే నెలలో నియంత్రణ సంస్థ అయిన ఐడీఏ ఆ కంపెనీకి 60 లక్షల సింగపూరు డాలర్ల జరిమానా విధించింది.

ఇక్కడ పాఠకులకు ఒక సందేహం కలగడం సహజం. ఎక్స్ఛేంజి వంటి చోట ప్రతి ముఖ్యమైన పరికరానికీ ఒక జంట ఉంటుంది కదా. ఒకటి పోతే మరొకటి ఆదుకోవాలి కదా! ఆ ఏర్పాటు ఎంత దూరం పనిచేస్తుందో, ఎక్కడ ఆగిపోతుందో తెలియాలంటే అందులోని అతి సామాన్యమైన భాగాన్ని పరిశీలించడం మేలు. అదే విద్యుత్తునందించే పవర్ సప్లై మాడ్యూలు.

సమాచారాన్ని దారి మళ్ళించే పెద్ద స్విచ్చిలు, రౌటర్ల వెనుక భాగాన ఇటుకను పోలిన రెండు లోహపు పెట్టెలు పక్కపక్కనే అమర్చి ఉంటాయి. లోపలి చిప్పులకు కావలసినది 12 వోల్టులు, అంతకన్నా తక్కువ ఏకముఖ విద్యుత్తు. గోడలోని సాకెట్టు ఇచ్చేది సింగపూరులో 230 వోల్టుల ఏకాంతర విద్యుత్తు. మాడ్యూలు దానిని ముందుగా దాదాపు 400 వోల్టుల ఏకముఖ విద్యుత్తుగా మార్చి, సెకనుకు లక్ష సార్లకు అటూ ఇటూగా తెంచి కలుపుతూ, ఒక చిన్న ట్రాన్స్‌ఫార్మరు ద్వారా 12 వోల్టులకు దించుతుంది. ఆ వేగం వల్లనే ట్రాన్స్‌ఫార్మరు అరచేతిలో ఇమిడేంత చిన్నదిగా ఉండగలుగుతున్నది.

ఎక్స్ఛేంజిలలో మరొక పాత ఆచారం కూడా సాగుతున్నది. అక్కడి యంత్రాలు బ్యాటరీల వరుసల నుండి వచ్చే 48 వోల్టుల ఏకముఖ విద్యుత్తుతో నడుస్తాయి. అందులో ధనధ్రువాన్ని భూమికి కలుపుతారు. భూమిలోని తేమకు రాగి తీగలు క్షయించిపోకుండా పూర్వపు ఇంజనీర్లు కనిపెట్టిన ఉపాయమిది.

మాడ్యూలు చెడిపోవడం అరుదైన విషయం కాదు. అందులోని ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లు ఉష్ణానికి క్రమంగా ఎండిపోతాయి. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే వాటి ఆయుర్దాయం ఇంచుమించు సగమవుతుందని ఇంజనీర్ల స్థూలమైన లెక్క. చెడినదానిని యంత్రం నడుస్తుండగానే మార్చవచ్చు. దీపం రంగును బట్టి చెడినది ఏదో ముందుగా నిర్ధారించుకోవాలి. హడావుడిలో బాగున్నదానిని లాగివేస్తే యంత్రమంతా ఒక్కసారిగా ఆరిపోతుంది. మణికట్టుకు భూమితో కలిపిన పట్టీ కట్టుకుని, మొదట కరెంటు తీగ తీసి, పిదప గొళ్ళెం నొక్కి, ఒక చేత్తో పిడి పట్టి, రెండవ చేతిని అడుగున ఆనించి మెల్లగా వెలుపలికి లాగాలి. క్రొత్తదానిని టక్కుమని కూర్చునేంతవరకు నెట్టి, ఆ తరువాతనే తీగ తగిలించాలి. లోపలి సూదులన్నీ సమానమైన పొడవు ఉండవు. భూమికి కలిసే సూది పొడవుగా ఉండి అన్నిటికన్నా ముందు తాకి, అన్నిటికన్నా చివర విడిపోతుంది. నిపుణుడి చేయి వణికినా యంత్రానికి ముప్పు రాకపోవడానికి ఈ మిల్లీమీటరు తేడా కూడా ఒక కారణం.

క్రొత్త మాడ్యూలు తెచ్చేటప్పుడు వాట్లు చూడటం అందరికీ తెలుసు. గాలి వీచే దిశ చూడటం కొందరే ఎరుగుదురు. ముందు నుండి వెనుకకు గాలి వదిలేవి కొన్ని, వెనుక నుండి ముందుకు లాగేవి కొన్ని. రెండూ ఒకే పెట్టెలో చేరితే ఒకటి వదిలిన వేడిగాలిని మరొకటి పీల్చుకుంటుంది. ఖాళీ అరను కూడా తెరిచి ఉంచరాదు. ఇక చెడిన మాడ్యూలును విప్పి చూద్దామనే కుతూహలం ప్రాణాంతకం. తీగ తీసిన పిదప కూడా కెపాసిటర్లలో ఆ 400 వోల్టులు కొంతసేపు నిలిచి ఉండవచ్చు.

జోడెద్దుల బండిలో ఒక ఎద్దు కూలబడితే రెండవది ఆ బరువును లాగలేదు. మాడ్యూళ్ళ జంట అలాంటిది కారాదు. రెండూ మామూలుగా చెరిసగం బరువు మోస్తున్నా, ఏ ఒక్కటైనా మొత్తం మోయగలగాలి. యంత్రం కొన్ననాడు అలాగే ఉంటుంది. తరువాత క్రొత్త కార్డులు చేరుతాయి, కెమెరాలు చేరుతాయి, భారం సగాన్ని దాటుతుంది. రెండు పచ్చదీపాలూ నిశ్చింతగా వెలుగుతూనే ఉంటాయి. ఒకటి ఆరిననాడు గాని అసలు సంగతి బయటపడదు.

ఇంకొక మోసం తీగలలో ఉన్నది. రెండు మాడ్యూళ్ళ తీగలనూ దగ్గరలో ఉన్న ఒకే సాకెట్ల పట్టీకి తగిలిస్తే చూడటానికి ఇద్దరు, నిజానికి ఒక్కరే. 2016 ఆగస్టు 8న అట్లాంటాలో డెల్టా విమాన సంస్థవారి కంప్యూటర్ కేంద్రంలో విద్యుత్ నియంత్రణ పరికరం ఒకటి విఫలమైంది. సుమారు 7,000 పరికరాలలో 300 మాత్రం ప్రత్యామ్నాయ విద్యుత్తుకు సరిగా కలిపి లేవని అప్పుడు తెలిసింది. ఆ మూడు వందలే చాలు. మూడు రోజులలో రెండు వేలకు పైగా విమానాలు రద్దయ్యాయి. మరుసటి ఏడాది 2017 మే 27న లండనులో బ్రిటిష్ ఎయిర్‌వేస్‌కు విద్యుత్తు పోవడం కన్నా, దానిని క్రమం తప్పి తిరిగి ఇవ్వడం వల్ల ఎక్కువ నష్టం కలిగిందని ఆ సంస్థ పెద్దలే చెప్పారు. సుమారు 75,000 మంది ప్రయాణికులు చిక్కుకుపోయారు.

ఇప్పుడు బుకిట్ పంజాంగ్‌కు తిరిగి వెళ్దాం. యంత్రానికి రెండు మాడ్యూళ్ళున్నా, భవనానికి రెండు విద్యుత్ మార్గాలున్నా, 149 కేబుళ్ళూ ఒకే గది గుండా వెళ్ళవలసి వచ్చినప్పుడు ఆ గదే అందరికీ ఏకైక ద్వారం. కనుక జంటల లెక్క పెట్టె దగ్గర మొదలుపెట్టి సాకెట్టు, విద్యుత్ గది, కేబుళ్ళ గది, చివరకు వీధి వరకు నడిచి చూసి తేల్చవలసినది. కాగితం మీది పటంలో రెండు గీతలు ఎడమెడంగా కనిపించినంత మాత్రాన నేల అడుగున అవి ఎడంగా ఉన్నాయని నమ్మకం లేదు. మరొక మాట. డెల్టాను మినహాయిస్తే ఇక్కడి రెండు ప్రమాదాలూ మనిషి చేయి పెట్టిన ఘడియలోనే జరిగాయి. మరమ్మతుకు కేటాయించిన గంటలోనే యంత్రానికి గండం ఎక్కువ అని నా అభిప్రాయం.

మన ఆంధ్ర తీరాన కూడా ఇటువంటి అనుభవమే ఉన్నది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నాన్ని తాకినప్పుడు సెల్ టవర్లకు కరెంటు పోయింది. రెండవ దారిగా జనరేటర్లున్నాయి. కాని చెట్లు కూలి రోడ్లు మూసుకుపోతే డీజిలు టవరు దాకా చేరేదెలా? విదేశాలలో ఉన్న పిల్లలు తల్లిదండ్రుల గొంతు వినడానికి రోజుల తరబడి ప్రయత్నించారు.

ఆ తల్లిదండ్రుల ఇండ్లలో ఒకనాడు ఉన్న పాత టెలిఫోనుకు విద్యుత్తు ఎక్స్ఛేంజి బ్యాటరీల నుండే రాగి తీగపై వచ్చేది. ఊళ్ళో కరెంటు పోయినా గంట మోగేది. గాజు తంతువు విద్యుత్తును మోయలేదు. అందువల్ల నేడు ఇంటి కరెంటు పోతే ఫోనూ పోతుంది. ఇన్వర్టరు ఉన్న ఇంట్లో కూడా మారే ఆ క్షణంలో రౌటరు ఆరి, తిరిగి లేవడానికి కొన్ని నిమిషాలు పడుతుంది. రౌటర్ల కొఱకు 12 వోల్టుల చిన్న బ్యాటరీ పెట్టెలు మన ఊళ్ళలో దొరుకుతున్నాయి. కొనేముందు అడాప్టరు మీది ముద్ర చదవాలి. వోల్టులు సరిగ్గా అంతే ఉండాలి, ఆంపియర్లు అంతకు తక్కువ కారాదు, ధన ఋణ ధ్రువాల బొమ్మ ఒకటే కావాలి. వీధి నుండి తంతువు వచ్చి చేరే పెట్టె వేరుగా, రౌటరు వేరుగా ఉన్న ఇండ్లలో బ్యాటరీ ఆధారం రెండింటికీ ఉండాలి. రౌటరుకు మాత్రమే పెడితే వైఫై గుర్తు చక్కగా వెలుగుతుంది, ఫోను మాత్రం మోగదు.