కంచె గుంజకు ఆయువు

రంపచోడవరం దాటి చింతూరు మీదుగా భద్రాచలం పోయే కొండదారిలో మారేడుమిల్లి ఉన్నది. అడవి అంచున కొండరెడ్ల చేలు ఉన్నవి. జొన్న గింజ పట్టే వేళకు అడవిపంది వస్తుంది. కూరగాయల మడిలోకి ఊరి పశువు వస్తుంది. కాబట్టి చేనుకు కంచె కావలెను. కంచెకు గుంజ కావలెను. వెదురుకు కొదవలేని సీమలో గుంజకు కరువేమిటని మైదానంలోని వారు అనుకోవచ్చును. కాని పచ్చి వెదురుబొంగును నరికి అట్లే నేలలో పాతితే, సాధారణంగా ఒకటి నుండి మూడేళ్లలో చెడిపోతుంది. కంచె ఒరిగిన రాత్రి ఒక్కటి చాలు, కారంతా పడ్డ శ్రమ మట్టిపాలు కావడానికి.

గుంజ ఎక్కడ పుచ్చుతుంది? పాత గుంజను పెరికి చూడండి. పైభాగం గట్టిగానే ఉంటుంది. లోతున ఉన్న అడుగుకొన కూడా కొంత గట్టిగా ఉండవచ్చును. నేలమట్టానికి జానెడు పైన, జానెడు కింద మాత్రం చేతితో నలిపితే పొడి అవుతుంది. కర్రను కుళ్లించే శిలీంధ్రాలకు ఆహారంతో పాటు తేమ, గాలి రెండూ కావలెను. కర్రలో తేమ నూటికి 20 పాళ్లకు లోబడి ఉంటే అవి పెరగలేవు. పైభాగం ఎండకు ఆరిపోతుంది. లోతున గాలి తక్కువ. నేలమట్టం వద్ద తేమ, గాలి రెండూ సమకూరుతవి. చెదలు కూడా మట్టిలో నుండే ఎక్కుతవి. గుంజ బ్రతుకు ఆ రెండు జానల మేరలో తేలిపోతుంది.

మన పెద్దలు ఈ సంగతి ఎరిగి చేవగల కర్రను ఏరుకున్నారు. చేవ అంటే మ్రాను నడుమ ముదిరిన, రంగు తేలిన భాగము. డెహ్రాడూన్‌లోని అటవీ పరిశోధనా సంస్థవారు కర్రముక్కలను నేలలో పాతి, అవి ఎన్ని నెలలు నిలిచినవో లెక్కకట్టినారు. ఆ పద్ధతిని బట్టి 120 నెలలు, ఆపైన నిలిచే కర్ర మొదటి తరగతి. 60 నుండి 120 నెలల లోపు నిలిచేది రెండవది. 60 నెలలకు లోబడినది మూడవది. టేకు చేవ మొదటి తరగతికి చెందినది, బూరుగు చివరి తరగతికి. అయితే ఇది చేవ మాట మాత్రమే. చేవ చుట్టూ ఉండే తెల్లచెక్కకు, అది టేకుదైనా సరే, ఈ బలము లేదు. లేతటేకు వాసాన్ని గుంజగా పాతి, టేకు కూడా పుచ్చినదే అని వగచేవారు ఈ తేడాను గమనించవలెను. ముదురు మ్రాను రిజర్వు అడవిలో కనిపించినా, అనుమతి లేనిదే నరకడం నేరము.

చేవ లేని కర్రకు మందు పట్టించి ఆయువు పోయవచ్చును. ఈ విద్యలో మన తెలుగువారి పేరు ఒకటి లోకమంతటా నిలిచినది. శొంఠి కామేశంగారు 1933లో డెహ్రాడూన్ సంస్థలోనే రాగి, క్రోమియం, ఆర్సెనిక్ లవణాలు కలిపిన మందును కనిపెట్టినారు. అది ‘ఆస్కు’ అనే పేరుతో ప్రసిద్ధి పొందినది. రాగి శిలీంధ్రాన్ని అణచుతుంది. ఆర్సెనిక్ చెదలను చంపుతుంది. క్రోమియం ఆ రెంటినీ వానకు కొట్టుకొని పోకుండా కర్రలో బిగించి ఉంచుతుంది. కర్రను ఇనుపపీపాలో మూసి, మొదట గాలి తోడివేసి, తరువాత ఒత్తిడితో మందునీటిని ఎక్కిస్తారు. కుంచెతో పూసిన మందు పైపొరనే అంటుకొని ఉంటుంది. ఒత్తిడితో ఎక్కించినది లోతుకు ఇంకుతుంది.

ఇక్కడ ఒక చిత్రమైన సంగతి ఉన్నది. మందు లేని గుంజకు చేవ ముఖ్యము. మందు పట్టించే గుంజకు తెల్లచెక్కే ముఖ్యము. చేవ మందును చాలవరకు లోనికి రానీయదు. తెల్లచెక్క చక్కగా పీల్చుకుంటుంది. అందువల్ల చుట్టూ తెల్లచెక్క చెడకుండా ఉన్న గుండ్రని వాసము, కోసిన పలక కంటె మేలు. కొనేటప్పుడు మూడు ప్రశ్నలు అడగండి: ఏ మందు? ఒత్తిడితో ఎక్కించినదా, ముంచి తీసినదా? కర్రను బాగా ఆరబెట్టిన తరువాతనే ఎక్కించినారా? పచ్చికర్రలో నీరు నిండి ఉండగా ఒత్తిడి మందుకు చోటుండదు. కోతలు, రంధ్రాలు మందుకు ముందే ముగియవలెను. తరువాత కోస్తే మందు అందని లోపలిభాగం బయటపడుతుంది. ఆ కొనను మట్టిలో పాతరాదు.

వెదురుకు బోరాక్సు, బోరిక్ ఆమ్లం కలిపిన నీరు పట్టించడం వాడుకలో ఉన్నది. ఇంటికప్పుకు, దడికి అది మంచిదే. తడినేలలో మాత్రం ఆ మందు కరిగి జారిపోతుంది గనుక గుంజకు చాలదు.

ఇక అన్నిటి కంటె ముఖ్యమైన హెచ్చరిక. ఆర్సెనిక్ విషము. అమెరికాలో 2003 సంవత్సరాంతముతో ఇళ్ల అవసరాలకు ఈ మందు కర్ర తయారీని ఆపివేసినారు. పొలం గుంజగా నిలిచినంత కాలం అది మనకు ఉపకారి. పొయ్యిలోకి పోతే ప్రాణాంతకము. మన పల్లెల్లో విరిగిన గుంజ వంటచెరకు కావడం సహజము. ఆ పొగ పీల్చే తల్లి, ఆ బూడిదతో అంట్లు తోమే పిల్ల, ఆ బూడిద చల్లిన ఆకుకూర మడి — ఇవి తలచుకుంటే పదేళ్ల లాభము ఒక్కపూటలో నష్టమవుతుంది. మందు గుంజ ముక్కను గాని, రంపపుపొట్టును గాని కాల్చరాదు. పశువుల తొట్టికి, బావిగట్టుకు వాడరాదు. కోసే చేతులు కడుగుకోవలెను. తారునూనె పట్టిన పాత రైలుస్లీపరుకు కూడా ఇదే నియమము.

ఇంత జాగ్రత్త కుదరదనుకునే ఇంటికి వేరొక దారి ఉన్నది. గ్లిరిసిడియా, వావిలి కొమ్మలను తొలకరిలో నాటితే వేళ్లు పట్టి బ్రతికిన గుంజలవుతవి. బ్రతికి ఉన్న కర్ర పుచ్చిపోదు. కొన్నవలసినది మందు గుంజ అయితే, కొనేనాడే ఇంటిల్లిపాదికీ ఒక మాట చెప్పి ఉంచండి: ఇది చేను కాయడానికే గాని పొయ్యికి కాదు.