క్రైస్తవ మౌనధ్యానము - సంఘజీవనము

ధ్యానమనగానే ఏకాంతము స్ఫురించుట సహజము. క్రైస్తవ సంప్రదాయమునందును ఇట్టి భావనకు ఆధారము లేకపోలేదు. నాల్గవ శతాబ్దిలో ఈజిప్టు ఎడారులందు నివసించిన ఏకాంతవాసులు ఆ సంప్రదాయమున ప్రార్థనకు తొలి ఆచార్యులుగా గణనకెక్కిరి. కాని వారి విద్య నేటివరకు నిలిచివచ్చినది చాలమట్టుకు సంఘజీవనము నాశ్రయించియే. ఈ సంబంధ మెట్టిదో, ఆ ప్రార్థనను తెలుగున చెప్పుటకు ఏ పరిభాష తగునో ఈ వ్యాసమున విచారింపదలచితిమి.

మొదట పదవిచారము. 12వ శతాబ్దిలో ఫ్రాన్సు దేశమునందలి గ్రాండ్ షార్త్రూజ్ మఠమునకు అధిపతియైన రెండవ గ్వీగో, 'మఠవాసుల నిచ్చెన' యను లేఖారూపమైన చిన్న గ్రంథమున నాలుగు మెట్లను నిరూపించెను. లాటినున వాని పేర్లు లెక్తియో, మెదితాతియో, ఒరాతియో, కొంతెంప్లాతియో. బైబిలును పఠించుట మొదటిది. పఠించినదానిని బుద్ధితో పలుమార్లు పరిశీలించుట రెండవది. అందువలన కలిగిన ఆర్తితో దైవమును వేడుట మూడవది. మాటయు తలంపును అణగి దైవసన్నిధిని నిలుచుట నాల్గవది.

తెలుగున రెండవ మెట్టును, నాల్గవ మెట్టును గూడ 'ధ్యానము' అనియే వ్యవహరించుట కలదు. ఇందువలన చిక్కు కలుగుచున్నది. ఒకటి బుద్ధి చేయు పని, మరియొకటి బుద్ధి విశ్రమించుట. మన ఉపనిషత్సంప్రదాయమున శ్రవణ మనన నిదిధ్యాసనములను త్రయము కలదు. రెండవ మెట్టునకు అందలి 'మననము' చక్కగా సరిపోవును. నాల్గవదానిని నిదిధ్యాసనమనుట మాత్రము తగదని మా అభిప్రాయము. ఏలయన నిదిధ్యాసనము సాధకుని ప్రయత్నముచే సాగునది. కొంతెంప్లాతియోయన్ననో దైవానుగ్రహమున లభించునదని ఆ సంప్రదాయము భావించును. సాధకుడు దానికై వేచియుండగలడే గాని దానిని తెచ్చుకొనజాలడు. కావున నాల్గవ మెట్టును 'మౌనధ్యానము' అని వేరుపరచి చెప్పుట మేలు.

ఇక సంఘమును గూర్చి. 5వ శతాబ్ది పూర్వభాగమున జాన్ కాసియన్ రచించిన 'సంభాషణల'లో తొమ్మిదవది, పదియవది ప్రార్థనను గూర్చినవి. అందు ఐజాకను ఎడారి గురువు, 70వ కీర్తన ఆరంభమునందలి సహాయప్రార్థనను ఎల్లవేళల మనస్సున నిలుపుకొనుమని ఉపదేశించును. ఆ ఉపదేశము పూర్వులనుండి కొలదిమందికే అందినదనియు చెప్పును. 6వ శతాబ్దిలో ఇటలీయందు బెనెడిక్టు తన మఠములకు నియమావళిని కూర్చునప్పటికి, అదే వాక్యము పగటివేళల జరుగు సామూహిక ప్రార్థనలకు ప్రారంభవాక్యమయ్యెను. కొలదిమంది యెరిగిన రహస్యము సంఘమంతటి కంఠమున నిలిచినది.

73 అధ్యాయములుగల ఆ నియమావళిలో మరికొన్ని విధులు గమనింపదగినవి. పఠనమునకు నియతవేళలు కలవు. సాయంకాలము అందరును కూడి కాసియన్ సంభాషణలు వంటి గ్రంథములను వినవలెను. రాత్రి ప్రార్థన ముగిసినపిదప ఎవ్వరును మాటాడరాదు. ప్రార్థన ముగియగనే అందరును నిశ్శబ్దముగా మందిరము వీడవలెను. లేనిచో ఒంటరిగా ప్రార్థింపగోరు సోదరునికి భంగము కలుగును. ఒంటరివాసమునకు పోగోరువాడు సైతము ముందుగా మఠమున చిరకాలము శిక్షణ పొందవలెను. దీనిని బట్టి మౌనము ఒక్కని సొత్తు కాదనియు, పదిమందియు పాటించిననే ఒకనికి దక్కుననియు తెలియుచున్నది. 1084లో బ్రూనో స్థాపించిన షార్త్రూజ్ మఠమును ఇందుకు సాక్ష్యమే. అచట ఎవరి కుటీరము వారిది. అయినను నడిరేయి ప్రార్థనకు అందరును మందిరమున కూడుదురు. కుటీరవాసుల ఏకాంతము, కాయకష్టముచేయు సోదరుల సేవపై ఆధారపడియున్నది.

ఆధునిక కాలమున ఈ సాధన మఠప్రాకారమును దాటినది. 14వ శతాబ్దిలో ఇంగ్లండున అజ్ఞాతకర్త యొకడు 24 ఏండ్ల శిష్యుని కొరకు 'అజ్ఞాన మేఘము' అను గ్రంథము రచించెను. 1970 తరువాతి దశాబ్దిలో అమెరికాయందలి స్పెన్సర్ మఠమున విలియం మెనింజర్ ఆ గ్రంథము ఆధారముగా ఒక పద్ధతిని బోధించెను. థామస్ కీటింగ్, బాసిల్ పెన్నింగ్టన్ దానిని వ్యాపింపజేసిరి. దినమునకు రెండుమార్లు 20 నిమిషములు చొప్పున మౌనముగా కూర్చుండుట అందలి విధి. 1975లో లండనునందలి ఈలింగ్ మఠమున జాన్ మెయిన్, కాసియన్ బోధను అనుసరించి ధ్యానబృందమును ప్రారంభించెను. ఒకనికై వ్రాసిన గ్రంథము, కొలదిమందికై యుద్దేశించిన బోధ ఇట్లు గృహస్థుల బృందములకు చేరినవి.

ఇందు ఒక అపాయమును లేకపోలేదు. పద్ధతి సులభమైనకొలది మొదటి మూడు మెట్లను విడిచి నాల్గవదానిపై కాలిడవలెనను తొందర కలుగును. 1989లో వాటికను విశ్వాససిద్ధాంత శాఖ వెలువరించిన లేఖ, శరీరమునకు కలుగు హాయిని దైవానుభూతిగా భ్రమింపరాదని హెచ్చరించినది. ఇట్టి భ్రమను సాధకుడు తనంతట తాను కనిపెట్టుట కష్టము. కలసి పఠించు సోదరులును, అనుభవజ్ఞుడైన పెద్దయును ఉన్నచో దానిని కనిపెట్టు అవకాశము కలదు.

కావున సంఘము మౌనధ్యానమును ఈయజాలదు. అది దైవానుగ్రహమని ఆ సంప్రదాయమే చెప్పుచున్నది. వేళను, పఠనమును, నిశ్శబ్దమును, దిద్దుబాటును సమకూర్చి, సాధకుడు వేచియుండుటకు వలయు చోటును మాత్రము సంఘమే కాపాడును. ఈ సాహిత్యమును తెనిగించువారు మననమును, మౌనధ్యానమును వేరుపరచినచో, ఈ రెంటికిని సంఘముతోగల సంబంధమును చదువరికి తేటపడును.