విశాఖలో ఓడెక్కే ముందు

సాయంత్రం ఆర్కే బీచ్ గోడ మీద కూర్చుంటే దూరంగా నాలుగైదు ఓడలు కదలకుండా నిలబడి కనిపిస్తాయి. చీకటి పడ్డాక వాటి దీపాలు వరసగా వెలుగుతాయి. పోర్టులోకి వెళ్ళే వంతు కోసం లంగరేసుకుని ఎదురుచూసే సరుకు ఓడలవి. బొగ్గు తెచ్చేవి కొన్ని, ఖనిజం పట్టుకెళ్ళేవి కొన్ని. పోర్టు తెరిచింది 1933లో. అయినా ఈ ఊళ్ళో పుట్టి పెరిగినవాళ్ళలో చాలామంది ఓడను ఒడ్డు నుంచి చూసినవాళ్ళే గానీ ఎక్కినవాళ్ళు కారు. ఎక్కిన పాతతరం వాళ్ళను అడిగితే రెండే పేర్లు చెబుతారు: రంగం (బర్మాలోని రంగూన్), అండమాన్. మొదటిది పొట్ట చేతపట్టుకుని వెళ్ళిన ప్రయాణం. రెండోది ఉద్యోగమో చుట్టరికమో ఉంటే చేసే ప్రయాణం. సరదాకి ఓడెక్కడం ఈ ఊరికి కొత్త.

కొత్త కాబట్టే క్రూయిజ్ (ఓడలోనే ఉంటూ, తింటూ, నిద్రపోతూ చేసే విహారయాత్ర) టికెట్ కొనేటప్పుడు మనకు రైలు లెక్క గుర్తొస్తుంది. ఎక్కడికి వెళుతుంది, ఎన్ని గంటలు పడుతుంది, ఎంత తీసుకుంటారు? ఈ లెక్కలో క్రూయిజ్ ఎప్పుడూ దండగే. చెన్నైకి రైలు ఒక్క రాత్రిలో చేరుస్తుంది. ఓడ ఇంకా ఎక్కువ సమయం తీసుకుంటుంది, ఎన్నో రెట్లు ఎక్కువ డబ్బూ తీసుకుంటుంది. ఎందుకంటే మనం డబ్బిచ్చేది ఓడలో గడిపే రోజులకు. చేరే ఊరు కొసరు. ఈ ఒక్క సంగతి బుర్రకెక్కితే తేదీ, గది, ధర, రద్దు షరతులు అన్నీ వాటంతటవే అర్థమవుతాయి.

విశాఖలో ఈ మాట ఇప్పుడు ఎందుకొచ్చిందో ముందు చూద్దాం. 2022 జూన్ 8న కార్డీలియా సంస్థ ఓడ ఎంప్రెస్ ఇక్కడి నుంచి పుదుచ్చేరి, చెన్నై వైపు ప్రయాణికులతో బయల్దేరింది. అప్పటికి విశాఖలో క్రూయిజ్ కోసం కట్టిన టెర్మినల్ లేదు. సుమారు 96 కోట్ల రూపాయలతో ఔటర్ హార్బర్‌లో కట్టిన అంతర్జాతీయ క్రూయిజ్ టెర్మినల్ 2023 సెప్టెంబర్ 4న ప్రారంభమైంది. ఇందులో ఓడ ఆగే గట్టు పొడవు సుమారు 180 మీటర్లు. ఎంప్రెస్ పొడవేమో 210 మీటర్లకు పైనే. మరి ఎలా ఆగుతుంది? ఓడ పొడవంతా గట్టు ఉండనక్కర్లేదు. ముందూ వెనకా తాళ్ళు కట్టడానికి నీళ్ళలో కాంక్రీటు దిమ్మెలు కడతారు. వాటి సాయంతో గట్టుకన్నా చాలా పొడవైన ఓడ కూడా నిలబడగలదు. ఆ దిమ్మెల్ని ఓడరేవు భాషలో డాల్ఫిన్లంటారు. ఎదురుగా ఉన్న డాల్ఫిన్ నోస్ కొండకూ వాటికీ ఏ చుట్టరికమూ లేదు.

టెర్మినల్ వచ్చింది గానీ, ఓడ మాత్రం విశాఖకు చుట్టపుచూపుగానే వస్తుంది. ఏడాదంతా ఉండదు. 2025లో ఎంప్రెస్ వచ్చింది కూడా జూలైలోనే. వర్షాకాలంలో ఓడ రావడమేమిటని చాలామంది అడుగుతారు. జవాబు గాలిలో ఉంది. ఈ సంస్థ ఓడ ముంబై కేంద్రంగా గోవా, లక్షదీవుల వైపు తిరుగుతుంటుంది. జూన్ నుంచి నైరుతి గాలి అరేబియా సముద్రం మీదుగా వేల కిలోమీటర్లు వచ్చి పడమటి తీరాన్ని కొడుతుంది. గాలి నీటి మీద ఎంత దూరం పరిగెత్తితే అల అంత పెద్దదవుతుంది. అదే గాలి మన తీరానికి నేల మీదుగా వస్తుంది. కాబట్టి ఒడ్డుకు దగ్గరగా అల అంత ఎత్తు లేవదు. అక్కడ విహారానికి వీలుకాని నెలల్లో ఓడ ఇటు తిరగడానికి ఇదొక కారణం. అలాగని బంగాళాఖాతం చెరువు కాదు. జూలై, ఆగస్టుల్లో ఒడిశా తీరం దగ్గర అల్పపీడనాలు పుడుతూనే ఉంటాయి. అక్టోబర్, నవంబర్‌ల సంగతి విశాఖ వాళ్ళకు చెప్పనక్కర్లేదు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ ఊరి మీదుగానే వెళ్ళింది.

దీన్నిబట్టి మొదటి పని తేదీ పట్టుకోవడం. మనకు సెలవు ఎప్పుడుందో చూసుకుని ఓడను వెతికితే దొరకదు. ఓడ ఎప్పుడొస్తుందో చూసుకుని సెలవు పెట్టాలి. వేళల పట్టిక సంస్థ ముందుగా ప్రకటిస్తుంది. గదులు నిండే కొద్దీ ధర పెరుగుతుంది.

రెండో పని, ఓడ మనల్ని ఎక్కడ దింపుతుందో చూసుకోవడం. ఇది చాలామంది చూడరు. చెన్నైలో మొదలై విశాఖకు వచ్చి, పుదుచ్చేరి మీదుగా మళ్ళీ చెన్నై చేరే ప్రయాణంలో విశాఖ మధ్యలో వచ్చే మజిలీ. ఇక్కడ ఎక్కినవాళ్ళ యాత్ర చెన్నైలో ముగుస్తుంది. ఇంటికి తిరిగి రావడం మన ఖర్చు, మన తిప్పలు. క్రూయిజ్ బుక్ చేసిన రోజే చెన్నై నుంచి రైలు కూడా చూసుకోవాలి. అదీ ఓడ దిగే రోజు పొద్దున బండి కాకుండా సాయంత్రం బండి. ఓడ గంటో రెండు గంటలో ఆలస్యమైనా కంగారుండదు.

రోజుల లెక్క కూడా ఒకసారి సరిచూసుకోండి. మూడు రాత్రులు, నాలుగు రోజులని రాస్తారు. మొదటి రోజు మధ్యాహ్నమో సాయంత్రమో ఎక్కుతాం. చివరి రోజు పొద్దున్నే దిగుతాం. చేతికి చిక్కేవి రెండు నిండు రోజులు. ఒకరోజు దారిలో ఊరు చూడ్డానికి దిగితే, ఓడను ఓడగా అనుభవించడానికి మిగిలేది ఒక్కటే.

ఆ ఊరు కూడా ఖాయమనుకోవద్దు. 2022 జూన్‌లో విశాఖ నుంచి వెళ్ళిన ఆ ఓడే పుదుచ్చేరి తీరానికి చేరినా ప్రయాణికుల్ని దించడానికి అనుమతి దొరకలేదు. ఓడలోని కాసినో మీద అక్కడ అభ్యంతరాలొచ్చాయి. 2025 జూలైలో మాత్రం పుదుచ్చేరిలో దించారు. అదీ గట్టుకు ఆనించి కాదు. అంత పెద్ద ఓడ నిలిచేంత లోతు ఒడ్డున లేనప్పుడు దూరంగా లంగరేసి, టెండర్ (ఓడ నుంచి ఒడ్డుకు మనుషుల్ని చేర్చే చిన్న పడవ) మీద తీసుకెళతారు. అల ఎక్కువగా ఉంటే టెండర్లు నడవవు. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళు ఊగే పడవలోకి అడుగేయడం కష్టం. అందుకని ఓడ గట్టుకు ఆనుతుందా, టెండర్ మీద దిగాలా అని బుకింగ్ వేళే అడగాలి. వాతావరణం వల్లనో అనుమతి వల్లనో ఒక రేవు తప్పిపోతే టికెట్ డబ్బు వెనక్కి రాదనే షరతు దాదాపు ప్రతి క్రూయిజ్ ఒప్పందంలోనూ ఉంటుంది. పుదుచ్చేరి చూడాలనేది అసలు కోరికైతే రైల్లో వెళ్ళడం మేలని నా అభిప్రాయం.

ఇక గది. ఓడలో గదిని క్యాబిన్ అంటారు. కిటికీ లేనిది, కిటికీ ఉన్నది, బాల్కనీ ఉన్నది, ఆపైన సూట్ అని వరసగా ధర పెరుగుతుంది. కిటికీ లేని గదిలో దీపం ఆర్పితే పగలో రాత్రో తెలీదు. పడుకోవడానికి మాత్రమే గదికి వెళ్ళేవాళ్ళకు అది చాలు. ఇబ్బంది కిటికీ గదులతోనే ఎక్కువ. కొన్నింటిలో కిటికీ ముందే లైఫ్‌బోటు (ప్రమాదంలో తప్పించుకునే పడవ) వేలాడుతుంటుంది. ఎంతో ఆశగా తెర తీస్తే సముద్రానికి బదులు నారింజ రంగు పడవ వీపు కనిపిస్తుంది. ఆ సంగతి బుకింగ్ పటంలో చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది. కాబట్టి గది నెంబరు తెలిశాక డెక్ ప్లాన్ (ఓడ అంతస్తుల పటం) తెరిచి, మన గదికి పైన, కింద ఏమున్నాయో చూడండి. పైన డ్యాన్సు హాలుంటే అర్ధరాత్రి దాకా దరువే.

ఏ భాగంలో గది తీసుకోవాలన్నది ఆర్టీసీ బస్సెక్కిన ప్రతివాళ్ళకూ తెలిసిన విషయమే. గతుకుల రోడ్డు మీద చివరి సీటు ఎగిరినంతగా మధ్య సీటు ఎగరదు. ఓడా అంతే. అల మీద ముందుభాగం లేస్తే వెనకభాగం దిగుతుంది, నడుమ కదలిక తక్కువ. పైఅంతస్తు పక్కలకు ఊగినంతగా కిందిది ఊగదు. కడుపులో తిప్పుతుందని భయమున్నవాళ్ళు నడిమి భాగంలో, కింది అంతస్తులో గది అడగాలి. చిత్రమేమిటంటే ఎక్కువ ధర పలికే బాల్కనీ గదులు సాధారణంగా పైనే ఉంటాయి.

ఆ తిప్పడం ఎందుకొస్తుందో కూడా తెలుసుకుంటే మంచిది. మన లోపలి చెవిలో ఒళ్ళు నిలకడగా ఉందో ఊగుతోందో చెప్పే భాగం ఉంది. గదిలో కూర్చుని గోడ చూస్తుంటే ఏమీ కదలట్లేదని కన్ను చెబుతుంది. ఊగుతున్నామని చెవి చెబుతుంది. ఈ రెండు కబుర్లూ పొసగక కడుపు తిరుగుతుంది. బయటి డెక్ మీదికి వచ్చి, నీరూ ఆకాశమూ కలిసే గీత వైపు చూస్తే కన్నూ చెవీ ఒకే మాట మీదికొస్తాయి. మందుబిళ్ళ వేసుకునేవాళ్ళు వాంతి మొదలయ్యాక కాకుండా ముందే వేసుకోవాలి. ఏది, ఎంత అన్నది బయల్దేరకముందే డాక్టరును అడగండి. బీపీకీ షుగరుకూ మందులు వాడేవాళ్ళకైతే ఇది మరీ అవసరం.

ధర విషయంలో నా సలహా ఒకటే. ప్రకటనలో పెద్దగా కనిపించే అంకెను పట్టించుకోకుండా, డబ్బు కట్టే ముందు వచ్చే చివరి అంకెను చూడండి. పెద్ద అంకె ఒక మనిషికి, అదీ గదిలో ఇద్దరుంటారనుకుని వేసినది. ఒక్కరే వెళితే దాదాపు ఇద్దరి డబ్బూ కట్టాల్సి రావచ్చు. అదే గదిలో మూడో మనిషికీ పిల్లలకూ తక్కువ పడుతుంది. దానిమీద పోర్టు చార్జీలు, సిబ్బందికిచ్చే గ్రాట్యుటీ, జీఎస్టీ చేరతాయి. భోజనం, ఈతకొలను, నాటకశాలలోని ప్రదర్శనలు సాధారణంగా టికెట్లోనే ఉంటాయి. మద్యం, ప్రత్యేక రెస్టారెంట్లు, ఊళ్ళో తిప్పే టూరు, ఇంటర్నెట్ వేరు. ఓడలో చేతికి నగదు తగలదు. గది తాళంగా ఇచ్చే కార్డు మీదే ప్రతిదీ రాసుకుంటారు, లెక్క చివర్లో తేలుస్తారు. పిల్లల కార్డులతో ఖర్చు పెట్టే వీలు తీసేయమని మొదటిరోజే కౌంటర్లో చెప్పడం మంచిది.

ఫోను సంగతీ ఇక్కడే. ఒడ్డు దూరమయ్యాక మన సిగ్నల్ పోతుంది. అప్పుడు ఫోను దానంతటదే ఓడలోని ఉపగ్రహ నెట్‌వర్క్‌కు తగులుకుంటే బిల్లు బెంబేలెత్తిస్తుంది. ఓడ కదలగానే ఫ్లైట్ మోడ్‌లో పెట్టేయండి.

బుకింగ్‌లో తెలుగువాళ్ళకు తరచూ వచ్చే చిక్కు ఒకటుంది: పేరు. ఆఫీసులో కె.వి.ఎస్. మూర్తి, ఆధార్‌లో మూడు పేర్లూ విప్పి రాసి చివర ఇంటిపేరు, పాస్‌పోర్టులో ఇంటిపేరు ముందు. ఓడ బయల్దేరే ముందు మ్యానిఫెస్టు (ఎక్కినవాళ్ళ పూర్తి జాబితా) అధికారులకు చేరాలి. అందులోని పేరూ చూపించే గుర్తింపుకార్డూ ఒక్కటిగా ఉండాలి. ఏ కార్డు తీసుకెళతారో ముందే అనుకుని, దానిమీద ఉన్నట్టే అక్షరం అక్షరం టైపు చేయండి.

చెప్పిన వేళకు గేటు దగ్గరుండాలనడం కూడా ఈ జాబితా వల్లనే. బోర్డింగ్ ఓడ కదలడానికి చాలా ముందే మూసేస్తారు. ఆ తర్వాత పైలట్ (ఆ రేవులో ఓడను నడిపించే స్థానిక నావికుడు) ఎక్కి, తనకిచ్చిన సమయంలో ఓడను బయటికి తీస్తాడు. విశాఖలో రైలు తప్పితే ఆటో కట్టించుకుని దువ్వాడ స్టేషన్లో అందుకున్నవాళ్ళున్నారు. సముద్రంలో దువ్వాడ లేదు. శ్రీకాకుళం నుంచో హైదరాబాద్ నుంచో వచ్చేవాళ్ళు ముందురోజే విశాఖ చేరడం మేలు. సామానులో ఇస్త్రీపెట్టె, కెటిల్ పెట్టుకోవద్దు. ఓడలో అన్నిటికన్నా పెద్ద భయం నిప్పు కాబట్టి వాటిని తీసేసుకుంటారు. ఆవకాయ సీసా గురించి మాత్రం ముందే రాసి అడగండి. ఎక్కగానే మస్టర్ డ్రిల్ (ప్రమాదంలో ఎక్కడ చేరాలో నేర్పే కసరత్తు) ఉంటుంది. 2012 జనవరిలో ఇటలీ తీరంలో కోస్టా కాంకర్డియా ఒరిగినప్పుడు కొత్తగా ఎక్కిన కొందరికి ఆ కసరత్తు ఇంకా జరగలేదు. ఇప్పుడు ఓడ కదలకముందే, లేదా కదిలిన వెంటనే అది జరగాలన్నది అంతర్జాతీయ నియమం.

విశాఖకు ఓడ వచ్చేదాకా ఆగలేనివాళ్ళు సింగపూర్ వెళ్ళి అక్కడ ఎక్కుతున్నారు. అక్కడ ఓడలు పెద్దవి, ఏడాది పొడుగునా ఉంటాయి. కాకపోతే వీసాలో ఒక మెలిక ఉంది. ఓడ సింగపూర్ దాటగానే మనం ఆ దేశం విడిచినట్టే. తిరిగొచ్చి దిగితే రెండోసారి ప్రవేశించినట్టు. అందుకని ఒకటికన్నా ఎక్కువసార్లు ప్రవేశించే వీసా ఉండాలి. పాస్‌పోర్టు గడువు కనీసం ఆరు నెలలు మిగిలి ఉండాలి. విదేశీ ప్యాకేజీ మీద టీసీఎస్ (ముందుగా వసూలు చేసే ఆదాయపు పన్ను) పట్టుకుంటారు. ఆ రసీదు దాచుకుంటే రిటర్న్‌లో సర్దుబాటవుతుంది.

తక్కువ ఖర్చులో సముద్రం చూడాలనుకునేవాళ్ళకు అండమాన్ ఓడ ఎప్పటినుంచో ఉంది. పోర్ట్ బ్లెయిర్ (2024 నుంచి శ్రీ విజయపురం) చేరడానికి రెండున్నర రోజులు పడుతుంది. అది రవాణా ఓడ. బంకు మీద పడక, క్యాంటీన్ భోజనం. వినోదం ఏమీ ఉండదు, సముద్రం తప్ప.

చివరి రాత్రి సంగతి ఒకటి. క్రూయిజ్ ఓడల్లో దిగే ముందురోజు రాత్రే సామాను కట్టి, ట్యాగు తగిలించి గది గుమ్మం ముందు పెట్టమంటారు. సిబ్బంది తీసుకెళ్ళి పొద్దున ఒడ్డున అప్పగిస్తారు. పెట్టెలన్నీ బయట పెట్టి హాయిగా పడుకునేముందు మర్నాటి బట్టలు, మందులు, గుర్తింపుకార్డు, చెన్నై నుంచి రైలు టికెట్ లోపలే ఉంచుకున్నారో లేదో చూసుకోండి. అర్ధరాత్రి దాటాక లుంగీతో వరండాలో పెట్టె వెతుక్కునేవాళ్ళు ప్రతి ఓడలోనూ ఒకరిద్దరుంటారు.