కైసరుకు చెల్లించవలసినది ఎంత?
ఇంటి పన్ను నోటీసు – విశ్వాసి బాధ్యత



ఇంటి పన్ను నోటీసు చేతికి వచ్చినప్పుడు మన సంఘాలలో రెండు రకాలవారు కనబడతారు. కొందరు అందులో ఏముందో చదవకుండానే అప్పు చేసైనా కట్టివేస్తారు. "గవర్నమెంటువారితో మనకెందుకండీ గొడవ" అంటారు. మరికొందరు కోపంతో ఆ కాగితాన్ని చూరులో దోపి మరచిపోతారు. మొదటివారు ఒక్కొక్కసారి కట్టనక్కరలేనిది కడుతున్నారు. రెండవవారికి వడ్డీ పెరుగుతున్నది. పట్టణాలలో బకాయి మీద వడ్డీ నెలకు 2 శాతం. ఈ రెండూ కాక మూడవ మార్గం ఉంది. నోటీసు చదవడం, కొలత సరిచూడడం, తప్పుంటే గడువులోగా అర్జీ పెట్టుకోవడం. ఇది చట్టం ఇచ్చిన మార్గం. లేఖనానికి కూడా విరోధమైనది కాదు.

లేఖనం ఏమంటున్నది?

పన్ను ఎవరికి చెల్లించవలసి ఉంటే వారికి చెల్లించాలని పౌలు రోమా సంఘానికి రాశాడు (రోమా 13). మన ప్రభువు కూడా అర్ధషెకెలు కోసం పేతురును సముద్రానికి పంపాడు (మత్తయి 17). కాబట్టి పన్ను ఎగవేత మనకు తగదు.

అయితే బాప్తిస్మమిచ్చు యోహాను దగ్గరకు సుంకరులు వచ్చి అడిగినప్పుడు, నిర్ణయించిన దానికంటె ఎక్కువ తీసుకోవద్దని వారికి చెప్పాడు (లూకా 3). అంటే పన్నుకు ఒక హద్దు ఉన్నది. ఆ హద్దు ఏమిటో అడగడం తిరుగుబాటు కాదు. సెలోపెహాదు కుమార్తెలు ఐదుగురు మోషే ఎదుట నిలబడి తమ తండ్రి స్వాస్థ్యం గురించి మనవి చేసుకున్నారు. వారు అడిగినది న్యాయమేనని దేవుడే సెలవిచ్చాడు (సంఖ్యా 27). పౌలు ఫేస్తు ఎదుట నిలిచి కైసరు దగ్గరే చెప్పుకొంటానని అప్పీలు చేశాడు (అపొ. కా. 25). అధికారిని దూషించకుండా, భయపడకుండా పై అధికారి దగ్గరకు వెళ్లడం ఎలాగో ఆయన మనకు చూపించాడు.

మన ప్రాంతపు సంగతి

బందరు మునిసిపాలిటీ 1866లో ఏర్పడింది. అప్పటికి రెండేళ్ల క్రితమే, 1864 నవంబరు 1న వచ్చిన ఉప్పెన ఆ పట్టణంలో సుమారు ముప్పై వేలమందిని మింగింది. బందరు 2015లో కార్పొరేషన్ అయింది. గుడివాడ 1937 నుండి మునిసిపాలిటీ. దివిసీమలో నాగాయలంక, కోడూరు, మోపిదేవి వైపు గ్రామాలలో ఇంటి పన్ను వేసేది పంచాయతీ.

దివిసీమవారికి ఈ పన్ను కాగితం మరింత విలువైనది. 1977 నవంబరు 19 ఉప్పెనలో ఎన్నో కుటుంబాల మనుష్యులతోపాటు కాగితాలు కూడా కొట్టుకుపోయాయి. తరువాత ప్రభుత్వం, సంఘాలు, స్వచ్ఛంద సంస్థలు కట్టించిన కాలనీ ఇళ్లలో కాపురం పెట్టినవారిలో చాలామందికి ఆ ఇంట్లో ఉంటున్నామని చూపడానికి మిగిలింది పన్ను రసీదు, కరెంటు బిల్లు మాత్రమే. రసీదు హక్కుపత్రం కాదు. పట్టాకు అది సాటి రాదు. అయినా ఏళ్ల తరబడి కట్టిన రసీదులు అనుభవానికి సాక్ష్యంగా పనికివస్తాయి. కనుక పన్ను ఎక్కువ వేశారని కోపగించి కట్టడం మానేయకండి.

లెక్క ఎలా వేస్తారు?

పట్టణాలలో పూర్వం ఇంటికి ఏడాదికి ఎంత అద్దె వస్తుందో అంచనా వేసి పన్ను నిర్ణయించేవారు. 2020లో చట్టం సవరించి, 2021 ఏప్రిల్ 1 నుండి మూలధన విలువ మీద పన్ను వేసే పద్ధతి తెచ్చారు. అంటే రిజిస్ట్రేషన్ శాఖ లెక్క ప్రకారం స్థలం విలువ, కట్టడం విలువ కలిపి, దానిలో నివాసగృహానికి 0.10 నుండి 0.50 శాతం వరకు, వ్యాపార కట్టడానికి 0.20 నుండి 2 శాతం వరకు పన్ను. పాత ఇళ్లకు పెరుగుదల 15 శాతం మించరాదని అప్పుడు హద్దు పెట్టారు. సొంతదారు నివసించే 375 చదరపు అడుగుల లోపు ఇంటికి ఏడాదికి 50 రూపాయలే అని నిర్ణయించారు.

ఉదాహరణకు, ఆరు నెలలకు 800 రూపాయలు కట్టే ఇంటికి 15 శాతం పెరిగితే 920 అవుతుంది. నోటీసులో 1,600 అని ఉంటే కారణం అడగాలి. మేడ వేసినట్లు రాశారేమో, నివాసాన్ని దుకాణంగా రాశారేమో చూడాలి. 25 అడుగుల పొడవు, 15 అడుగుల వెడల్పు ఇల్లు సరిగ్గా 375 చదరపు అడుగులు. ముందున్న 8 అడుగుల తాటాకు పందిరిని ఇంట్లో కలిపి కొలిస్తే 575 అయిపోతుంది. పేదవాడి ఇంటికి టేపు ఎక్కడ పెట్టారన్నది చిన్న సంగతి కాదు.

ఒక సహోదరి ఇల్లు

దివిసీమలో ఒక విధవరాలైన సహోదరి నోటీసు పట్టుకొని నా దగ్గరకు వచ్చింది. "అయ్యగారూ, మా మామగారు పోయి పన్నెండేళ్లయింది. ఇంకా ఆయన పేరే వస్తోంది. పన్ను చూస్తే రెండింతలయింది" అన్నది. ఉప్పెన తరువాత కట్టించిన కాలనీ ఇల్లు అది. ఆమె కుమారుడు, నేను టేపు పట్టి కొలిచాము. గోడల వెలుపలి నుండి 20 అడుగులు, 15 అడుగులు. అంటే 300 చదరపు అడుగులు. రికార్డులో 600 ఉన్నది. పక్కనున్న రేకుల వంటపాకను కూడా స్లాబు గదిగా రాశారు.

తెల్లకాగితం మీద అర్జీ రాసి, ఇంటి ఫొటో, పాత రసీదులు, మామగారి మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం జతచేసి ఇచ్చాము. మూడుసార్లు తిరగవలసి వచ్చింది. నాలుగవసారి సిబ్బంది వచ్చి కొలిచారు. పన్ను తగ్గింది, పేరు మారింది. అంతకుముందు ఎక్కువగా కట్టిన సొమ్ము మాత్రం తిరిగి రాలేదు. "ముందే చూసుకోవలసింది కదా అయ్యగారూ" అన్నది ఆమె. ఆ మాట మనందరికీ వర్తిస్తుంది.

అర్జీ పెట్టుకొనే విధానం

1. నోటీసు అందిన తేదీని దానిమీదే రాసుకోండి. అభ్యంతరానికి ఇచ్చిన గడువు చదవండి. గడువు దాటితే న్యాయమైన మాట కూడా బలహీనపడుతుంది.

2. యజమాని పేరు, డోరు నంబరు, అసెస్‌మెంటు నంబరు, విస్తీర్ణం, అంతస్తులు, కప్పు రకం, వాడకం ఒక్కొక్కటి సరిచూడండి.

3. కొలతల వివరాలు కావాలంటే సమాచార హక్కు చట్టం 2005 కింద అడగవచ్చు. మన రాష్ట్రంలో గ్రామస్థాయిలో దరఖాస్తు రుసుము లేదు. మండలంలో 5 రూపాయలు, పట్టణంలో 10 రూపాయలు. 30 రోజులలో జవాబు ఇవ్వాలి.

4. గ్రామంలో పంచాయతీ కార్యదర్శికి, పట్టణంలో కమిషనరుకు రివిజన్ పిటిషన్ ఇవ్వండి. "పన్ను ఎక్కువ" అని మాత్రమే రాయకండి. "300 బదులు 600 అని ఉంది, తిరిగి కొలవండి" అని రాయండి. నకలు మీద ముద్ర, తేదీ వేయించుకోండి.

5. జవాబు రాతపూర్వకంగా అడగండి. గుడివాడ వంటి మునిసిపాలిటీలో కమిషనరు ఉత్తర్వుపై పురపాలక శాఖ ప్రాంతీయ స్థాయిలోని అప్పిలేట్ కమిషనరుకు అప్పీలు ఉంటుంది. ముందు పన్ను కట్టి అప్పీలుకు వెళ్లాలి. కార్పొరేషన్లకు చట్టం వేరు గనుక బందరువారు ఎక్కడికి వెళ్లాలో ఉత్తర్వు అందగానే తెలిసినవారిని అడగాలి. పంచాయతీలో పని జరగకపోతే జిల్లా పంచాయతీ అధికారికి గానీ, సోమవారం కలెక్టరేటులో గానీ అర్జీ ఇవ్వవచ్చు.

మందిరం సంగతి

బహిరంగ ఆరాధనకే వాడే మందిరానికి చట్టం పన్ను మినహాయించింది. నోటీసు వస్తే సంఘ పెద్దలు ఈ సంగతి రాసి ఇవ్వాలి. అయితే ఆవరణలో అద్దెకిచ్చిన దుకాణాలను ఆ మినహాయింపు చాటున దాచకూడదు. పాస్టరుగారి నివాసం కూడా ఆరాధన స్థలం కాదు. దేవుని పేరు చెప్పి ఎగవేసిన రూపాయి సంఘానికి ఆశీర్వాదం కాదు.

మన చేతులు శుభ్రంగా ఉండాలి

మేడ వేసినవారు మేడ వేశామనే చెప్పాలి. పొరుగువాని పన్ను చూపి ఈర్ష్యతో అర్జీ రాయవద్దు. కొలత తగ్గించడానికి ఎవరి చేతిలోనూ నోటు పెట్టవద్దు. లంచం చూపుగలవానిని గుడ్డివానిగా చేస్తుందని ధర్మశాస్త్రమే హెచ్చరించింది (నిర్గమ 23). న్యాయం మన పక్షాన ఉన్నప్పుడు దానిని కొనవలసిన అవసరం ఏమున్నది?

యౌవనస్థులారా, మీలో చదువుకున్నవారు ఆదివారం ఆరాధన తరువాత ఒక గంట టేపు, కాగితం పట్టుకొని చదువురాని వృద్ధుల ఇళ్లకు వెళ్లండి. వారి నోటీసు చదివి వినిపించండి. విధవరాలి మొరను తోసివేయని దేవుడు, ఆమె అర్జీ రాసిపెట్టిన చేతిని కూడా జ్ఞాపకముంచుకొంటాడు. ప్రభువు మిమ్మును దీవించును గాక.