కువైట్‌లో ఇంటి పనా? వారానికి ఒక రోజు సెలవు చట్టమే ఇచ్చింది.. మరి ఎందుకు దొరకట్లేదు?

కడప, రాజంపేట, రాయచోటి వైపు, అటు గోదావరి జిల్లాల్లో కువైట్ వెళ్లినవాళ్లు లేని ఊరు తక్కువే. వెళ్లిన ఆడవాళ్లలో ఎక్కువ మంది చేసేది ఇంటి పనే. పిల్లల్ని చూసుకోవడం, మంచం మీదున్న పెద్దవాళ్లకు సేవ చేయడం, రాత్రి పిలిస్తే లేవడం. ఉండేది కూడా అదే ఇంట్లో. అలాంటప్పుడు డ్యూటీ ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుంది? సెలవు అడిగే హక్కు అసలు ఉందా?

ఉంది. కువైట్ 2015లోనే ఇంటి పనివాళ్ల కోసం 68వ నంబర్ చట్టం తెచ్చింది. దాని ప్రకారం రోజుకు 12 గంటలకు మించి పని చేయించకూడదు, మధ్యలో విశ్రాంతి ఇవ్వాలి. వారానికి ఒక రోజు సెలవు, ఏడాదికి 30 రోజుల సెలవు.. రెండింటికీ జీతం కట్ చేయకూడదు. జీతం లేటైతే నెలకు 10 దినార్ల చొప్పున అదనంగా కట్టాలి. కాంట్రాక్ట్ పూర్తయ్యాక ఏడాదికి ఒక నెల జీతం లెక్కన సెటిల్‌మెంట్ ఇవ్వాలి. కనీస జీతం 60 దినార్లు అని 2016లో ఫిక్స్ చేశారు.

అయితే ఇక్కడే ఒక తేడా చూడాలి. అదే కువైట్‌లో కంపెనీ ఉద్యోగికి వారానికి 48 గంటలే. ఇంటి మనిషికి ఆరు రోజులకు 72 గంటల దాకా పోతుంది. అదీ రూల్ కచ్చితంగా పాటిస్తేనే!

మరి పాటించకపోతే? అసలు చిక్కు ఇదే. షాపులోకి వెళ్లినట్టు ఇంట్లోకి వెళ్లి తనిఖీ చేయడం కుదరదు. పైగా ఖాదిమ్ వీసా కఫీల్ పేరు మీదే ఉంటుంది. చెప్పకుండా బయటికొస్తే 'పారిపోయింది' అని కేసు పెట్టొచ్చు. మనవాళ్ల భాషలో చెప్పాలంటే 'ఖల్లివల్లి' అయిపోయినట్టే. ఆ భయంతోనే చాలామంది సెలవు మాటే ఎత్తరు. పాస్‌పోర్ట్ యజమాని దగ్గర పెట్టుకోకూడదని చట్టంలో ఉన్నా, 'ఆమె ఒప్పుకుంటే తప్ప' అనే మెలిక కూడా ఉంది. దిగిన రోజే పాస్‌పోర్ట్ అడిగితే కాదనేది ఎవరు?

అందుకే గొడవ ముదిరితే గోడ దూకి రూమ్‌కి వెళ్లిపోవడం కంటే నేరుగా ఇండియన్ ఎంబసీకి వెళ్లడం మేలు. ఇంటి పనివాళ్ల కోసం అక్కడ షెల్టర్ ఉంది. జీతం, సెలవుల ఫిర్యాదులు తీసుకునేది కువైట్ మ్యాన్‌పవర్ అథారిటీ. ఇంటి పనివాళ్ల రక్షణ కోసం భారత్, కువైట్ మధ్య 2021 జూన్‌లో ఒప్పందం కూడా కుదిరింది.

ఇక వెళ్లబోయేవాళ్లకు. ఈసీఆర్ పాస్‌పోర్ట్ ఉన్న మహిళలు ఇంటి పనికి వెళ్లాలంటే 30 ఏళ్లు నిండాలి, ఈ-మైగ్రేట్‌లో క్లియరెన్స్ ఉండాలి. ఏపీలో ఓంక్యాప్, తెలంగాణలో టామ్‌కామ్ ప్రభుత్వ సంస్థలు. ఏజెంట్ 'ముందు విజిట్ వీసా మీద వెళ్లిపో అక్కా, అక్కడ మార్చేస్తాం' అన్నాడంటే మాత్రం అక్కడే ఆగండి. అలా వెళ్తే చేతిలో కాంట్రాక్ట్ ఉండదు. పైన చెప్పిన 12 గంటలు, వారం సెలవు ఏ కాగితం చూపించి అడుగుతారు? కాంట్రాక్ట్ కాపీని ఫోన్‌లో ఫొటో తీసి, ఇంట్లోవాళ్లకు కూడా వాట్సాప్‌లో పంపి ఉంచండి. అక్కడ ఫోన్ లాక్కున్నా ఆ కాగితం ఇక్కడ ఉంటుంది.