రాధామనోహరము - పెంపకము, అదుపు

తల్లిదండ్రులలో పలువురు బడికి వచ్చినపుడు ప్రహరీగోడ ప్రక్కనున్న రాధామనోహరపు తీగను చూచి, ఇంటివద్ద నాటుకొనుటకు ఒక మొక్క యిమ్మని అడుగుచుందురు. ఇచ్చుట సులభమే. కాని నాటిన నాలుగైదేండ్లకు ఆ తీగ ఇంటిపైకెక్కి, పెంకులు కదల్చి, విద్యుత్తు తీగలను చుట్టుకొని, తుదకు మొదలంట నరకబడుటను మన హోసూరులో పలుమారులు చూచియున్నాను. ఏటేట కొంచెము కత్తిరించుటకు చేతులు రానివారే ఒకనాడు గొడ్డలి తెప్పించుచున్నారు. "పూచెడి తీగను కోయుట పాపము కాదా?" అని ఒక తల్లి నన్నడిగినది. ఆమె ప్రశ్నకు సమాధానముగనే ఈ వ్యాసము వ్రాయుచున్నాను.

మన పిల్లలు దీనిని ఇరుగుపొరుగువారివలె రంగూన్ మల్లి యనుచున్నారు. ఒడిశా, మహారాష్ట్రములలోని మనవారు మధుమాలతి యను పేరు వినియుందురు. అందు తప్పు లేదు. కాని రాధామనోహరమను మాట ఇంట పెద్దలు పలుకనిచో పిల్లలకు చెప్పువారెవ్వరు? వాచకములలో తీగల పేర్లకు చోటు తక్కువ.

శాస్త్రజ్ఞులకు సైతము ఈ తీగ వింతగొలిపినది. 17వ శతాబ్దమున అంబోయినా దీవిలో నివసించిన రుంఫియస్ అను పండితుడు దీనికి క్విస్క్వాలిస్ అని పేరిడెను. 1762లో లినేయస్ ఆ పేరునే స్థిరపరచెను. లాటిను భాషలో దానికి "ఎవరు? ఎట్టిది?" అని అర్థము. నేడు కాంబ్రెటమ్ ఇండికమ్ అనుచున్నారు గాని, పాత పేరే దీనికి తగినదని నా తలంపు. ఏలయన, నాటిన తొలి నెలలలో ఇది చిన్న పొదవలె సాధువుగా నుండును. పిమ్మట బారల కొలది తీగలు సాచును. పూవు సాయంకాలమున తెల్లగా విచ్చి, మఱునాడు గులాబివన్నె దాల్చి, ఆపైన ఎఱ్ఱబాఱును. తెల్లని పూలు రాత్రి తిరుగు పెద్ద చిమ్మటలను ఆకర్షించును. రంగు మాఱిన పూలకు పగలు తేనెటీగలు, తేనెపిట్టలు వచ్చును.

ఆ తొలినాటి సాధుత్వమును నమ్మి, కిటికీ ప్రక్కనో చూరు క్రిందనో నాటుటతోనే చిక్కు మొదలగును. గోడకు ఐదారడుగుల దూరమున, ఎండ బాగుగా తగులు చోట నాటవలెను. దీనికి కాకర, పొట్ల తీగలకున్నట్టి నులితీగలు లేవు. ఆకు రాలిన పిదప తొడిమ మొదలు కొంత నిలిచి, గట్టిపడి ముల్లగును. ఆ ముండ్లను కొక్కెములవలె ఆనించి పైకెగబ్రాకును. వెదురు పందిరి దీని బరువునకు ఎక్కువకాలము ఆగదు; మన ప్రాంతమున ద్రాక్షతోటలకు వాడు రాతి స్తంభములు మేలు. కట్టుటకు కొబ్బరిపీచు త్రాడు వాడవలెను. ఇనుపతీగ బెరడును కోయును.

ఇక కత్తిరింపు. రాధామనోహరము ఆ యేటి క్రొత్త రెమ్మలమీద పూచును. కనుక ముదురు కొమ్మలను దాచుకొన్నంత మాత్రమున పూలు పెరుగవు; నీడయే పెరుగును. పైగా తీగ కొనయందు పుట్టి క్రిందికి దిగు ఆక్సిన్ అను పదార్థము క్రింది మొగ్గలను అణచియుంచును. కొన త్రుంచినను, తీగను అడ్డముగా వంచి కట్టినను ఆ అణచివేత సడలి, కణుపుకణుపునను చిగురు పుట్టును. నిలువున పోనిచ్చిన తీగ పూలు పొరుగువారి మేడకే కనబడును.

హోసూరు దాదాపు 2,900 అడుగుల ఎత్తున నున్నందున చలికాలమున తీగ మందగించును. జనవరి నెలాఖరున, చలి తగ్గుముఖము పట్టగనే కత్తిరింపవలెను. రెండు మూడు పెద్ద కాండములను మాత్రము నిలిపి, ప్రక్కకొమ్మలను మొదటి రెండు మూడు కణుపులవరకు ఉంచి తక్కినది తీసివేయవలెను. ఏండ్ల తరబడి వదలివేసిన తీగనైనను నేలనుండి మూడడుగుల ఎత్తున కోసినచో తిరిగి చిగుర్చును. నరకి పారవేయ బనిలేదు. యూరియా వేయవలదు, ఆకు బలిసి పూలు తగ్గును. చివికిన పశువుల యెరువు చాలును.

అన్ని తీగలకు ఇదే కాలము చెల్లదు. కాగితపు పూల చెట్టునకు జనవరిలో కత్తెర తగిలినచో వేసవి శోభ పోవును; పూత ముగిసి వానలు మొదలగునపుడు దానిని కోయుట మంచిది. జాజిని డిసెంబరు చివర కత్తిరింతురు.

చిన్నపిల్లలున్న యిండ్లవారికొక హెచ్చరిక. రాధామనోహరపు కాయలు మనవైపు అరుదు. ఎప్పుడైన కాచినచో ఏరివేయుడు. చీనా వైద్యులు వాని గింజలను నులిపురుగులకు మందుగా వాడుదురు గాని, మోతాదు మించిన ఎక్కిళ్ళు, వాంతులు పుట్టును.

అద్దెయిండ్లలోనివారు దీనిని రెండడుగుల వెడల్పు గల తొట్టిలో పెంచుకొనవచ్చును. వేళ్ళకు చోటు తగ్గినకొలది తీగ దూకుడు తగ్గును. నేలలో నాటినవారు మాత్రము వేళ్ళనుండి దూరదూరముగ లేచు పిలకలను కనిపెట్టుచుండవలెను. పైపైన కోసిన అవి మఱల లేచును. త్రవ్వి, వేరుతో లాగవలెను. బడి తీగకు అట్టి పిలకలు ఇప్పుడు చాల కలవు. జనవరి చివరి శనివారమున వానిని త్రవ్వుదుము; కావలసినవారు తడిగోనె తెచ్చుకొని తీసికొనిపోవచ్చును.