బొగ్గు తవ్వితే పైన నేల ఎందుకు కుంగుతుంది?

ఒక బెల్లం అచ్చును, అది సరిగ్గా పట్టే గిన్నెలో పెట్టండి. తర్వాత దాన్ని బయటికి తీసి, ముక్కలు చేసి, మళ్ళీ అదే గిన్నెలో వేయండి. ఈసారి ముక్కలన్నీ పట్టవు. బెల్లం పెరగలేదు, ముక్కల మధ్య ఖాళీలు ఏర్పడ్డాయి, అంతే! ఈ సంగతి గుర్తుంచుకోండి. భూగర్భంలో ఏం జరుగుతుందో తెలుసుకోవటానికి ఇదే తాళంచెవి.

బొగ్గు భూమిలో పొరలుగా ఉంటుంది. మన గోదావరి లోయలో 1889లో ఇల్లెందు వద్ద బొగ్గు తవ్వకం మొదలైంది. భూగర్భ గనిలో పొర వెంబడి అడ్డంగా, నిలువుగా దారులు తవ్వుతారు. కప్పు కూలకుండా నడుమ బొగ్గునే స్తంభాలుగా వదిలిపెడతారు. ఆ భాగంలో పని ముగిసే దశలో చాలాచోట్ల ఆ స్తంభాలను కూడా తవ్వుకొంటూ వెనక్కు వస్తారు. అప్పుడు ఆధారం లేని కప్పు విరిగి పడుతుంది.

ఇప్పుడొక లెక్క చేద్దాం. తీసేసిన పొర మందం 3 మీటర్లు అనుకోండి. 10 మీటర్ల మందం గల రాయి విరిగి పడితే, బెల్లం ముక్కల మాదిరిగానే, సుమారు 13 మీటర్ల ఎత్తున పేరుకొంటుందనుకొందాం. అంటే పైనున్న 10 మీటర్ల రాయి కూలేసరికి ఖాళీ నిండిపోయి, కూలటం ఆగిపోతుంది. పొర అంతకంటే తక్కువ లోతులో ఉంటేనో? కూలటం నేలదాకా వచ్చి, హఠాత్తుగా గొయ్యి పడుతుంది.

పొర 100 మీటర్ల లోతున ఉంటే గొయ్యి పడకపోవచ్చు. కాని పై రాతి పొరల బరువుకు కింది ముక్కలు అణగుతాయి. పొరలు వంగుతాయి. నేల వెడల్పాటి పళ్ళెంలా కుంగుతుంది. అయితే అది కుంగే లోతు తీసిన బొగ్గు మందం కన్నా తక్కువగానే ఉంటుంది.

మరో వింత చూడండి. గనికి సరిగ్గా పైనున్న నేల మాత్రమే కుంగదు. బ్రిటన్ గనుల్లో కొలతలు తీసి, నిట్టనిలువు గీతకు 35 డిగ్రీల వాలు వరకు ప్రభావం ఉంటుందని లెక్క కట్టారు. ఆ ప్రకారం 100 మీటర్ల లోతున్న గని ప్రభావం, దాని అంచు దాటి 70 మీటర్ల దూరం వరకు పోతుంది! రాతిని బట్టి ఈ కోణం మారుతుంది. పళ్ళెం అంచుల్లో నేల సాగుతుంది. గోడలు పగులుతాయి, నీటి గొట్టాలు విరుగుతాయి. కొన్నిచోట్ల బావులూ ఎండిపోతాయి.

జార్ఖండ్‌లోని ఝరియాలో కథ ఇంకా ఘోరం. అక్కడ బొగ్గు నేలకు చాలా దగ్గరగా ఉంది. 1971-73లో గనులు జాతీయం కాకముందు, చాలామంది యజమానులు బొగ్గు తీసుకొని ఖాళీలను అలాగే వదిలేశారు. 1916లోనే అక్కడ గని మంట కనిపించింది. నేల పగిలితే గాలి లోపలికి పోతుంది. గాలి తగిలితే మంట పెరుగుతుంది. మంట స్తంభాలను తినేస్తే నేల మళ్ళీ కుంగుతుంది! అక్కడి కుటుంబాలను వేరేచోటికి తరలించటానికి 2009లో ప్రభుత్వం ప్రణాళికను ఆమోదించింది. బెల్గడియాలో ఇళ్ళు కట్టారు. కాని కూలి దొరికే చోటు వదిలి వెళ్ళటం తేలిక కాదు గదా!

మరి ఉపాయం లేదా? ఉంది. ఊళ్ళ కింద, రైలుదారుల కింద, నదుల కింద స్తంభాలను తీయకుండా వదిలేయటం ఒకటి. కాని ఆ బొగ్గు మనకు దక్కదు. బొగ్గు తీసిన చోట ఇసుక నింపటం రెండవది. ఇసుకను నీటితో కలిపి గొట్టాల గుండా గనిలోకి పంపుతారు. నీరు బయటికి పోగా ఇసుక మిగిలి కప్పును మోస్తుంది. సింగరేణి గనుల్లో గోదావరి ఇసుకను ఇలా వాడారు. అయితే నదిలోని ఇసుక కూడా తరగనిది కాదు. అందుకే ఉపరితల గనుల్లో తవ్విపోసిన రాతిని పొడి చేసి ఇసుకకు బదులుగా వాడే ప్రయత్నాలు జరుగుతున్నాయి.

అంటే, బొగ్గు తీసిన చోటును మనం నింపకపోతే, పై నేల దిగివచ్చి నింపుతుందన్నమాట. మీది బొగ్గుగనుల ప్రాంతమైతే ఒక మాట. నేలలో కొత్త పగులు గాని, దానిలోంచి పొగ గాని కనిపిస్తే దగ్గరకు పోయి తొంగి చూడవద్దు. వెంటనే పెద్దలకు చెప్పండి.